మోతి గొంతులో ఎముక లేదు

గ్లాసెడు నీళ్ళు పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. దాహం వేసి కాదు. మధ్యలో భయం వేస్తే ఒక గుక్క తాగి చూసుకోవడానికి. నీళ్ళు గొంతు దిగితే చాలు, నాకేమీ కాలేదని నమ్మకం కుదిరి మళ్ళీ రాయగలను. ఇన్నేళ్ళయినా ఈ అలవాటు పోలేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నామోషీ లేదు.

కుక్క కరిచినవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. నన్ను మాత్రం ఏ కుక్కా కరవలేదు. కరవలేదు కదా అన్న ధీమాతోనే దాదాపు రెండు రోజులు హాయిగా తిరిగాను. ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకునేవాళ్ళు, పండగ మర్నాడు దాని నోట్లో చెయ్యి పెట్టబోయేవాళ్ళు, ఇది చదివి ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటే నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

దసరా మర్నాడు

ఎనభైల నడిమి మాట. అప్పుడు మేం మిర్యాలగూడలో ఉండేవాళ్ళం. మా ఆయన పేరు నర్సింహ, రైస్ మిల్లులో గుమస్తా. మిల్లు వెనక వీధిలో రెండు గదుల కిరాయి ఇల్లు. అందులో నేనూ, ఆయనా, ఆయన తల్లి లచ్చమ్మా, మా ఎనిమిదేళ్ళ బిడ్డ శోభా. వాకిట్లో మోతి. తెల్లకుక్క, ఒక చెవి మాత్రం గోధుమరంగు. పిల్లప్పుడు మిల్లు దగ్గర ఊక కుప్పలో దొరికితే శోభ ఒళ్ళో వేసుకుని తెచ్చింది.

ఆ శ్రావణంలో మోతి ఏదో ఊరకుక్కతో కొట్లాడి చెవి చింపుకుని వచ్చింది. పసుపు అద్దాం, మానిపోయింది, మేమూ మరిచిపోయాం. అదే నెలలో పక్కింటి బర్రెకు సూది వేయడానికి పశువుల దవాఖాన కాంపౌండరు వచ్చాడు. మోతిని చూసి, "అమ్మా, కుక్కకు గూడ ఏడాదికోసారి సూది ఏపియ్యాలె. పిచ్చి రాకుండ ఉంటది. దవాఖానకు తోలుకరాండ్రి" అన్నాడు.

నేను నవ్వాను. "మా బిడ్డకే అన్ని సూదులు ఏపియ్యలే సార్, కుక్కకెందుకు? బర్రెంటే పాలిస్తది" అన్నాను. వీధి వీధంతా నవ్వింది. అతను సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇక నా గొప్ప గురించి చెప్పాలి. మా అమ్మగారింట్లో కుక్కల గొంతుల్లో ఇరుక్కున్న ఎముకలు మా అమ్మే తీసేది. ఒకరు గోనెసంచి కప్పి తల పట్టుకుంటే, రెండోవాళ్ళు ఆముదం రాసిన వేళ్ళు దవడ పక్కనుంచి మెల్లగా లోపలికి పంపాలి. ఆ పని నేను అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మా వీధిలో నాకు బాగా పేరు. దసరాకు ప్రతి ఇంట్లో యాటను కోసి కూర వండుతారు, ఎముకలన్నీ కుక్కలకు పడతాయి. మర్నాడు పొద్దున ఎవరో ఒకరు కుక్కను చంకనేసుకుని "సరోజమ్మా, జర సూడు" అంటూ మా వాకిట్లో నిలబడేవారు. నేను కొంగు బిగించి పెద్ద డాక్టరమ్మలా కూర్చునేదాన్ని.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు కొత్త గాజులు వేయించుకున్నాను. చేతికి అతుక్కున్నట్టు ఉండాలని నాకు మోజు. గాజులామె "ఒక సైజు పెద్దయి తీసుకోరాదమ్మా" అంటే వినలేదు. పాపం, ఆమె నా చెయ్యి పిసికి పిసికి ఎక్కించింది. రెండు గాజులు పగిలి వేళ్ళ కణుపుల మీదా బొటనవేలి మొదట్లోనూ గీసుకుపోయాయి. పండగ సంబరంలో అవి నొప్పే అనిపించలేదు. శోభ కూడా గునుగుపూల కాడలు కోస్తూ చూపుడువేలు కోసుకుంది. గుడ్డపీలిక చుట్టుకుని తిరిగింది.

దసరా మర్నాడు పొద్దున్నే అత్తమ్మ నన్ను లేపింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"సరోజా, మోతి గొంతుల ఎముక ఇరికినట్టున్నది. బాగ లోపటికున్నది. నీ ఏళ్ళు సన్నగుంటయి, నువ్వు తియ్యి."

మోతి గోనెసంచుల వెనక చీకట్లో నక్కి ఉంది. కింది దవడ వేలాడిపోయి, చొంగ దారగా కారుతోంది. పిలిస్తే తోక ఆడించింది. మొరగబోతే గొంతు పట్టుకుపోయినట్టు ఏదో బొంగురు కూత వచ్చింది. నిజంగా గొంతుకు ఎముక అడ్డం పడ్డ కుక్క ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఇంకోలా అనుకోవడానికి నాకు సందే లేదు.

మా ఆయన సంచి కప్పి తల పట్టుకున్నాడు. నేను ఆముదం రాసుకుని చెయ్యి పెట్టాను. మామూలుగా కుక్కలు పెనుగులాడతాయి. మోతి పెనుగులాడలేదు, నావైపే చూస్తూ ఉంది. వేళ్ళు నాలుక మొదలు దాకా వెళ్ళాయి. ఏమీ తగల్లేదు.

"ఎముక లేదత్తమ్మా."

"ఇంక లోపటున్నదేమో, మల్లొక్కసారి సూడు బిడ్డా."

మళ్ళీ పెట్టాను. ఈసారి మణికట్టు దాకా. లేదు. చెయ్యి బయటికి తీసి, రెండు చెంబుల నీళ్ళు పోసుకుని కడుక్కుని, పొయ్యి ముట్టించాను. ఆ చేత్తోనే శోభకు అన్నం కలిపి పెట్టాను. మోతిదేముంది, ఎముక దానంతటదే దిగుతుందిలే అనుకున్నాం.

రెండో రోజు, మూడో రోజు

రెండో రోజు సాయంత్రానికి మోతి వెనక కాళ్ళు తూలడం మొదలైంది. మా ఆయన దాన్ని గోనెసంచిలో చుట్టి రిక్షాలో పశువుల దవాఖానకు తీసుకుపోతుంటే నేనూ ఎక్కాను. ఆ డాక్టరు పెద్దాయన, మాట మెల్లగా ఉంటుంది. బల్ల మీద పెట్టబోతే "వద్దు, కిందనే పెట్టండ్రి, దూరం జరగండ్రి" అన్నాడు. తాను కూడా ముట్టుకోలేదు. నాలుగడుగుల దూరంలో కూర్చుని చాలాసేపు చూశాడు.

"దీని నోట్లె ఎవలన్న చెయ్యి పెట్టిండ్రా?"

"నేనే సార్, రెండుసార్లు పెట్టిన. ఎముక దొరకలే" అన్నాను. సిగ్గులేకుండా కాస్త గర్వంగానే అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎముక కాదమ్మా ఇది. పిచ్చి. పిచ్చి రెండు తీర్ల ఉంటది. ఒకటి కరుసుకుంట తిరుగుతది, దాన్ని అందరు గుర్తువడతరు. ఇంకోటి గిట్ల నోరు ఏలాడేసుకొని మూలకు కూసుంటది. దీన్ని సూసినోళ్ళు ఎముకే అనుకుంటరు. మాలాంటోళ్ళం గూడ మోసపోతం."

అయినా నోరు ఊరుకోదు కదా, "కరవలే గద సార్!" అన్నాను.

"ఏదీ, చెయ్యి సూపియ్యి."

చూపించాను. ముట్టుకోకుండా వంగి చూశాడు. "ఇవేంది గీతలు?"

"గాజులు సార్. బతుకమ్మకు ఏసుకున్న."

ఆయన దవాఖాన వెనక నల్లా చూపించి, సబ్బు చేతికిచ్చి, "పావుగంట కడుగు. నేను చాలన్నదాక ఆపకు. పొద్దుగాల్నే సూర్యాపేటకు పోయి సూదులు మొదలువెట్టండ్రి. ఒక్కరోజు గూడ ఆగకండ్రి" అన్నాడు. కాంపౌండరు వచ్చి పక్కన నిలబడ్డాడు. శ్రావణంలో నేను నవ్విన ఆ మనిషే. ఎత్తిపొడుస్తాడేమో అనుకున్నాను. సబ్బు జారిపోతే తీసి మళ్ళీ నా చేతిలో పెట్టాడు.

నల్లా కింద చెయ్యి పెట్టి ఆ నీళ్ళనే చూస్తూ ఉండిపోయాను. ఆ రోగం వచ్చినవాళ్ళకు నీళ్ళు చూస్తే గొంతు పట్టేస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. చూస్తున్నాను కదా, నాకేమీ కావట్లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. దోసిలి పట్టి ఒక గుక్క తాగాను. దిగింది. నా నీళ్ళ పిచ్చి అక్కడే మొదలైంది.

తెల్లారేసరికి మోతి పోయింది. తలను డాక్టరు పరీక్షకు పంపాడు. కొన్నాళ్ళకు జవాబు కాగితం వస్తే మా ఆయన దాన్ని నాకు చదివి వినిపించలేదు. మడిచి జేబులో పెట్టుకుని మిల్లుకు వెళ్ళిపోయాడు. చదవకపోవడంతోనే నాకు అర్థమైంది.

మోతి పోయిన పొద్దున బస్సుకు బయల్దేరే ముందు నేను అత్తమ్మ మీద పడ్డాను. నా భయమంతా ఆమె మీద కక్కాను.

"ఎముక అన్నది నువ్వు! మల్లొక్కసారి పెట్టు అన్నది నువ్వు! నేను పోతే నా బిడ్డ గతేంది? నీకేం, నువ్వు బాగనే ఉన్నవ్! నీ కొడుక్కు ఇంకొకదాన్ని తెచ్చుకుంటవ్!"

ఆమె నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. "సరోజా, నేను గూడ..."

"నువ్వు మాట్లాడకు! ఇగ నా తోటి మాట్లాడకు!"

ఆమె నోరు మూసుకుంది. గబగబా లోపలికి వెళ్ళి, టిఫిన్ డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని, చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది. మిల్లులో కొత్త వడ్లు దిగే రోజులు, మా ఆయనకు సెలవు దొరకదు. రోజూ నా వెంట సూర్యాపేటకు వచ్చింది ఆమే.

పద్నాలుగు సూదులు

బొడ్డు చుట్టూ రోజుకొకటి, పద్నాలుగు రోజులు. సూది సంగతి ఎక్కువ చెప్పను. పొట్ట లోపల నిమ్మకాయలు పెట్టి కుట్టినట్టు గడ్డలు కట్టేది. సాయంత్రానికి జ్వరం. చీర కుచ్చిళ్ళు దోపుకుంటే ప్రాణం పోయేది. నొప్పి భరించొచ్చు. భరించలేనిది ఆ బెంచీ మీద కూర్చుని మన వంతు కోసం చూడటం.

దవాఖాన వరండాలో పొడుగాటి బెంచీ ఉండేది. మొదటిరోజు నా పక్కన వాడపల్లి నుంచి వచ్చిన ఒక ముసలాయన కూర్చున్నాడు. నా మొహం చూసి తానే పలకరించాడు.

"ఎన్నోది బిడ్డా?"

"మొదటిది, తాతా."

"నాది ఆరోది. నన్ను పిల్లి కరిసింది. నవ్వకు. ఇంట్ల అందరు నవ్విండ్రు, పిల్లికి పిచ్చేంది అని. డాక్టరు సారు కోడల్ని, కొడుకుని ఇద్దర్ని తిట్టిండు. పిల్లికి గూడ వస్తదట."

నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది. ఆయన తన కండువా మూట విప్పి ప్యాలాలు నా దోసిట్లో పోశాడు. "నములు. నమిలితె భయం తగ్గుతది" అన్నాడు. తన పద్నాలుగు అయ్యేదాకా రోజూ నాకూ ప్యాలాలు తెచ్చాడు. ఆయన పేరు నేను అడగనే లేదు.

మొదటిరోజు చీటీ రాస్తూ డాక్టరు అడిగాడు. "ఇంట్లె ఇంకెవరన్న దాన్ని ముట్టుకున్నరా? చొంగ అంటిందా?"

"ఇంకెవరు లేరు సార్. నేనొక్కదాన్నే" అన్నాను.

అత్తమ్మ గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. మా ఆయనను ఇంటి దగ్గరే నేను అడిగి ఉన్నాను, సంచి మీది నుంచి పట్టుకున్నాడు కాబట్టి తడి తగల్లేదు. శోభను అడిగితే తల అడ్డంగా ఊపింది. ఇంకెవరున్నారు? డాక్టరు తలూపి రాసేశాడు.

నాలుగో సూది వేయించుకుని వచ్చి మంచం మీద ముడుచుకుని పడుకున్నాను. శోభ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అమ్మా, సూది బాగ నొస్తదా?"

"నొస్తది బిడ్డా."

"కరవకపోయినా ఏస్తరా?"

లేచి కూర్చున్నాను. దాని మొహం పాలిపోయి ఉంది. చూపుడువేలు గౌను మడతలో దాచుకుంది.

"ఎందుకే? నిజం చెప్పు!"

"మోతికి నీళ్ళు పెట్టిన. దోసిట్ల. అది తాగలే. నా చెయ్యి మొత్తం నాకింది." చెప్పి బావురుమంది. "సూది ఏస్తరని చెప్పలే అమ్మా."

నేను దాన్ని కొట్టాను. చెంప మీద ఛెళ్ళున కొట్టి, వెంటనే ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుని ఏడ్చాను. నాకు వచ్చిన భయం అంతవరకు భయమే కాదని అప్పుడు తెలిసింది. ఐదు రోజులు! నాకొక్కదానికే సూదులు వేయించుకుంటూ, నా చావు గురించే ఆలోచిస్తూ, నా బిడ్డను ఐదు రోజులు ఆలస్యం చేశాను. దేవుడా, నాకు వస్తే రానీ, దీనికి రాకుండా చూడు అని ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో లెక్కలేదు.

మర్నాటి నుంచి ఇద్దరం వెళ్ళాం. శోభను సూది గది దాకా ఎత్తుకెళ్ళడం, అది కాళ్ళు తన్నుకుంటే పట్టుకోవడం, అయిపోయాక చంకనేసుకుని బస్టాండు దాకా నడవడం, అన్నీ అత్తమ్మ పనే. నేను వంగలేను, బరువు ఎత్తలేను. నా పద్నాలుగు అయిపోయాక కూడా శోభకు ఇంకా నాలుగు మిగిలాయి. వాటికి ఆమె ఒక్కతే తీసుకుపోయింది. పొద్దున్నే లేచి వండి, మాకు కట్టి, బస్సులో సీటు పట్టి, వచ్చాక మళ్ళీ వండేది. ఆ పద్దెనిమిది రోజులూ, ఆ తర్వాత కూడా నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. "నీళ్ళు", "బువ్వ", "బస్సొచ్చింది". అంతే. మా ఆయన ఒకసారి "అమ్మ మీద ఎందుకే అంత కోపం?" అంటే ఆయనను కూడా దులిపేశాను.

నీళ్ళ ఏడాది

సూదులు అయిపోతే భయం అయిపోతుందనుకున్నాను. కానీ ఆ రోగం నెలల తరబడి ఒంట్లో దాక్కుని బయటపడొచ్చట. ఏడాది గడిస్తే గండం తప్పినట్టే అనుకోండి అన్నాడు సూర్యాపేట డాక్టరు. ఏడాది! వారం ఓపిక పట్టలేని మనిషిని నేను.

పొద్దున మొహం కడుక్కోగానే గ్లాసు నిండా నీళ్ళు తాగేదాన్ని. గుటక గుటకకూ ఆగి, గొంతు ఎలా ఉందో చూసుకునేదాన్ని. తర్వాత శోభను నా ముందు నిలబెట్టి తాగించేదాన్ని. "మొత్తం తాగు. గట్టిగ మింగు. ఏం అనిపిస్తలేదు గద?" అది గ్లాసు ఎత్తితే దాని గొంతు మీదే చూపు పెట్టేదాన్ని. కొన్నాళ్ళకు అది కూడా నన్ను వదల్లేదు. బడి నుంచి రాగానే సంచి పడేసి, "అమ్మా, నువ్వు తాగినవా? నా ముందట తాగు" అనేది. ఎనిమిదేళ్ళ పిల్ల తన తల్లి గొంతు కదులుతుందా లేదా అని కళ్ళు పెద్దవి చేసుకుని చూసేది. దానికి ఆ పని నేర్పింది నేనే.

చలికాలంలో శోభకు గొంతు నొప్పి వచ్చింది. నీళ్ళు ఇస్తే మింగలేక మొహం తిప్పేసుకుంది. నాకు లోకం తలకిందులైంది. చెప్పుల్లేకుండా పిల్లను భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాను. డాక్టరు నోట్లోకి చూసి "గొంతు వాచింది, అంతేనమ్మా" అన్నాడు. నేను నమ్మక మూడుసార్లు అడిగాను. సాయంత్రం వేడినీళ్ళు తాగించి, అవి లోపలికి పోయాకే నేను కూర్చున్నాను.

ఆ ఏడాదంతా అత్తమ్మ నీళ్ళు తాగే తీరు కూడా మారింది. చెంబు తీసుకుని పెరటి తలుపు వెనక్కి పోయి, గోడ వైపు తిరిగి తాగేది. నా మొహం చూస్తూ గుక్కెడు నీళ్ళు తాగడం కూడా ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. పక్కింటామెతో అన్నాను కూడా. "సూసినవా, ఎంత పొగరో! చేసింది చేసి, నా మీదనే అలక."

మళ్ళీ దసరా వచ్చింది. గాజులు వేయించుకోలేదు. శోభ నా ఎదుట గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, బోర్లించి చూపించి, "ఏడాదయింది అమ్మా!" అని ఎగిరింది. నేను నవ్వుతూ ఏడ్చాను. వంటింట్లో అత్తమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. మనవరాలి మీద ప్రేమ అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆమెతో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాను. ఆమెను క్షమించేశాను. అవును, నేను ఆమెను క్షమించానని అనుకున్నాను.

కోదాడలో

తొంభైల్లో మా ఆయనకు కోదాడ మిల్లులో పని దొరికి అక్కడికి మారాం. శోభ అప్పటికి ఇంటర్ చదువుతోంది. ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ ఒక కుక్కపిల్లను తెచ్చింది.

"గడప తొక్కనియ్యను" అన్నాను.

"సూది ఏపిద్దాం. ఏపిచ్చినంకనే లోపటికి తెద్దాం" అంది. అది నా బిడ్డ, నాలాగే మొండిది.

అలా దాన్ని బుట్టలో పెట్టుకుని శోభ, నేను, అత్తమ్మ పశువుల దవాఖానకు వెళ్ళాం. ఆ రోజు కుక్కలకు, పిల్లులకు సూదులు వేసే రోజు. వరండా నిండా జనం. ఒకామె పిల్లిని చీరకొంగులో చుట్టుకుని కూర్చుంటే నాకు వాడపల్లి తాత గుర్తొచ్చాడు. డాక్టరు కుర్రాడు, కృష్ణానది అవతలివాళ్ళ మాటతీరు.

"దీనికింకా మూడు నెలలు నిండినట్టు లేదండీ, పళ్ళు చూసి చెప్తాను. నిండితే ఇవాళే వేసేద్దాం. ఆ తర్వాత ఏడాదికోసారి తప్పకుండా తీసుకురండి, మర్చిపోకండేం." అత్తమ్మ వైపు తిరిగి, "మామ్మగారూ, మీరు దగ్గర్లో ఉన్నారు కదా, కాస్త దాని నోరు తెరిచి పట్టుకోండి" అన్నాడు.

అత్తమ్మ రెండు చేతులూ కొంగులోకి లాక్కుంది.

"నేను చెయ్యి పెట్ట. మల్ల నేను పెట్ట నాయినా."

శోభ నోరు తెరిచి పట్టుకుంది. నేను అత్తమ్మనే చూస్తున్నాను. "మల్ల ఏంది అత్తమ్మా? ఎన్నడు పెట్టినవ్?"

ఆమె వెళ్ళి వరండాలో మెట్టు మీద కూర్చుంది. వెనకే వెళ్ళాను. తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ పొద్దు నీకన్న ముందు నేనే పెట్టిన. మోతి బాధపడుతుంటె సూడలేకపోయిన. రెండు ఏళ్ళు గొంతు లోపటిదాక పోనిచ్చిన. ఏం తగలలే. నా ఏళ్ళు మొద్దుగుంటయి, అందలేదనుకున్న. అందుకే నిన్ను లేపిన."

బాగా లోపలికి ఉందని ఆ పొద్దున ఆమె అంత గట్టిగా ఎలా చెప్పిందో అప్పుడు తెలిసింది. చేతులు కొంగుకు ఏం తుడుచుకుందో కూడా.

"నీ చేతులకు గీతలు లేకుండెనా?"

"గీతలేంది బిడ్డా, అవి ఎప్పుడు పగిలే ఉండె గద." చేతులు చాపింది. పుట్టింట్లో, గరిడేపల్లి పొలాల్లో, చిన్నప్పటి నుంచీ నాట్లేసిన చేతులు. పగుళ్ళు ఇంకా ఉన్నాయి. పదేళ్ళకు పైగా ఆ చేతులతో వండింది తిన్నాను, ఒక్కసారి కూడా వాటిని చూడలేదు.

"మరి ఎందుకు చెప్పలే?" అని అడిగాను.

"చెప్దామనే నోరు తెరిసిన. నువ్వు మాట్లాడకు అన్నవ్." అందులో కోపం లేదు, ఉన్నమాట చెప్పింది. "దవాఖానల డాక్టరు అడిగితే ఇంకెవరు లేరని నువ్వే అంటివి. ఆయినంక శోభకు గూడ మొదలయిపాయె. ముగ్గురం పొట్టలు పట్టుకొని పండుకుంటె పిల్లనెవరెత్తుకుంటరు? వాడు మిల్లుకు పోవాలె. నాదేముంది, అయిపోయిన పాణం అనుకున్న."

"అత్తమ్మా..."

"ఏడాది నేను గూడ నీళ్ళు తాగి సూసుకున్న. తలుపు ఎనక. గొంతు పట్టేస్తె మీ ముందట పడిపోవద్దని. పిల్ల జడుసుకుంటది గద." కొంగుతో మొహం తుడుచుకుంది. "రాకపాయె. ఖతం. ఇగ వదిలెయ్. లోపటికి పోదాం పా."

ఆమెకు రాకపోవడం ఒట్టి అదృష్టం. తెలివీ కాదు, ధైర్యమూ కాదు. ఎవరూ ఆమెను చూసి అలా ఊరుకోవద్దు. వచ్చి ఉంటే, ఆ చావు మోతి వల్ల వచ్చిందని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. "నువ్వు మాట్లాడకు" అన్నది నేను. ఆమె మాటను ఆమె నోట్లోకే నెట్టి, డాక్టరుకు ఆమె తరఫున జవాబు చెప్పింది నేను. కుక్కకు సూది వేయించండి, పిల్లికి వేయించండి, తడి తగిలితే సబ్బుతో కడుక్కోండి, ఇవన్నీ ఏ డాక్టరైనా చెబుతాడు. నేను చెప్పేది ఒకటే. ఇంట్లో ఇంకెవరన్నా ముట్టుకున్నారా అని అడిగినప్పుడు, ప్రతి ఒక్కరినీ వాళ్ళ నోటితోనే చెప్పనివ్వండి. ముఖ్యంగా మీరు కోపంగా ఉన్నవాళ్ళను.

ఆ రోజు నాకు క్షమించమని అడగడం కూడా చేతకాలేదు. వరండా మూలన కుండ ఉంటే వెళ్ళి గ్లాసు నిండా ముంచుకొచ్చి ఇచ్చాను. ఆమె తీసుకుని, అలవాటు కొద్దీ, గోడ వైపు తిరిగింది.

భుజం పట్టుకుని తిప్పాను. "ఇటు తిరిగి తాగు అత్తమ్మా."

నావైపు తిరిగి తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా, ప్రతి గుటకకూ, నేను ఆమె గొంతునే చూస్తూ నిలబడ్డాను.